ఆకాశం ఉన్న చలి

ముందుగాల ఆ పేరు అట్టపెట్టె మీద చూసిన.
జెబెల్ అలీ కోల్డ్ స్టోరు, నాలుగో నంబరు గది,
మైనస్ ఇరవై రెండు.
గడ్డకట్టిన ఎర్రటి పండ్లు, కిలో సంచులు,
మూల మీద చిన్న అక్షరాల్ల: పోలండ్.
పదకొండేండ్ల సంది
ఆ దేశాన్ని భుజం మీద మోస్తనే ఉన్న,
పోయి చూస్తే ఎట్లుంటదో అని
ఒక్కనాడు అనుకోలె.

అనుకున్నది జమున.
క్లినిక్ నుంచి వచ్చి చెప్పులన్న ఇడ్వకముందే
"డిసెంబరు మొదట్ల నాలుగు రోజులు సెలవు కలుస్తున్నది,
ఎటన్న పోదం" అన్నది.
"ఎటన్న అంటే?"
"చలి ఉన్న కాడికి."
నవ్వొచ్చింది నాకు.
చలికి పైసలు పెడ్తరా ఎవరన్న?
నాకైతే చలికే జీతమిస్తరు.

షార్జా, రోలాల ఒక్క గదిని
పరదా కట్టి రెండు చేసుకున్నం.
అటు దిక్కు బిజూ, లిస్సీ పండుకున్నంక
దుప్పట్ల ఫోను వెలుగుల
మేమిద్దరం క్రాకో గల్లీలు తిరుగుతుంటిమి.
మూడు రాత్రులు. స్టేషను పక్క హోటలు అగ్గువ.
"మూడున్నర దాటంగనే పొద్దుగూకుతదట."
"గంత జల్దినా? మరి ఏం చూస్తం?"
"దీపాలు."
పరదా అవతల లిస్సీ దగ్గితే
క్రాకో ఆరిపోయేది.

భూమి లోపల ఉప్పు గని ఒకటి ఉన్నదట.
జమున రాసుకున్నది.
నేను కొట్టేసిన.
రోజుకు పది గంటలు కిటికీ లేని జాగల ఉండేటోణ్ని,
టికెట్ కొని ఇంకో కిటికీ లేని జాగల దిగాల్నా?
పొద్దుగాల చూస్తే
నా గీత కింద మళ్ల రాసి ఉన్నది,
ఈసారి పెన్నుతోటి.

అక్టోబరు ఉక్కల అజ్మాన్ పోయినం, పాత కోట్ల దుకాణానికి.
పఠాన్ తాత ఉన్ని కోటు తొడిగి గుండీలు పెట్టిండు.
జమున మొఖం మీద చెమట కాలువలు కడ్తుంటే
"బరాబర్ ఉన్నది" అంటది,
"ఇంత ఉడుకుతున్నదంటే అక్కడ సరిపోతది."
నలభై దిర్హాములు.
జేబుల ఎవరిదో ఒక్క చేతి గ్లౌజు. ఎడమది.

మా ఫోర్‌మన్ ఫజల్‌ను బతిమాలి
ఒక శుక్రవారం ఆమెను లోపలికి తీస్కపోయిన.
ఐదు నిమిషాలు, అంతే.
నా బూట్లు ఆమె కాళ్లకు పడవలు.
నోరు తెరిచి ఊపిరిని చూసుకున్నది,
వేలితోటి దాన్ని పొడిచింది.
గప్పుడు తల ఎత్తింది.
పైన ట్యూబులైట్లు, పైపులు, మంచు పట్టిన ఇనుము.
చానా సేపు అట్లనే చూసింది.
"ఇది చలి గాదు" అన్నది,
"సామాన్లకు పెట్టింది. మనుషులకు గాదు."
పదకొండేండ్లల్ల ఆ గదిల
నేను తల ఎత్తింది అదే మొదటిసారి.

జీతం కాగితం, మూడు నెలల బ్యాంకు లెక్క,
చీటీ ఎత్తిన పైసలతోటి నిండుగ కనపడేటట్టు.
కంపెనీ ఇచ్చే అనుమతి ఉత్తరంల నా పేరు తప్పు రాసిన్రు,
దాని కోసం మళ్ల ఒక వారం.
ఫారం నింపే కోయా భాయి
తల ఎత్తకుంటనే అడిగిండు:
"ఎందుకు పోతున్నవు?"
ఇన్నేండ్లు ఆ గడిల
పని, పని, పని అనే పెట్టించిన.
నాలిక మీదికి గదే వచ్చి ఆగింది.
"చూసి వద్దమని" అన్న.
"ఏం చూస్తవు?"
జమున దిక్కు చూసిన.
ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తున్నది,
సాయం చెయ్యలె.
"మబ్బు" అన్న.
కోయా భాయి ఏదో టిక్కు కొట్టిండు.

వీసా ఇంకా రాలె.
ఉప్పు గని ముచ్చట గూడ తెగలె.
కోటు మాత్రం తలుపు ఎనుక మేకుకు ఏలాడుతది.
రాత్రి ఏసీ మలుపుకున్నప్పుడల్లా
ఒక చెయ్యి కొద్దిగ లేస్తది,
బస్సు ఆపమన్నట్టు.